ఎర్ర జాకెట్ల సంఘానికి సూపు యంత్రం

నేను మా ఆవిడతో అబద్ధం ఆడాలని బయలుదేరలేదు. బీరు కాచే యంత్రం కొందామని బయలుదేరాను. దారిలో అబద్ధం కలిసింది.

దక్షిణాఫ్రికాలో మాది కోమానీ అనే ఊరు. అక్కడ మా వీధి వీధంతటికీ తెలుసు, మా ఇంటి గడప బీరు సీసా దాటదని. మా ఆవిడ చర్చిలో ఎర్ర జాకెట్లు తొడుక్కునే మహిళా సంఘానికి కార్యదర్శి. ఆ సంఘంలో చేరేటప్పుడే మద్యం ముట్టమని ప్రమాణం చేస్తారు. ప్రమాణం చేసింది ఆవిడ ఒక్కతే. అమలు మాత్రం ఇద్దరికీ.

మా వాళ్ళలో పెళ్ళాన్ని పుట్టింటి వంశం పేరుతో పిలవడం మర్యాద. అందుకని ఆవిడ నాకు మాబెలే. నా వంశం పేరుతో నేను ఆవిడకే కాదు, అందరికీ టోలో. కోపం వస్తే వంశం పోయి, "లెక్కల మాస్టారూ" అన్న పిలుపు వస్తుంది. అప్పుడు నేను బడికి కాస్త ముందే వెళ్ళిపోతాను.

మా పక్కింటి మ్ఖుసెలిని ఊరంతా లీటరు అంటారు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఏ సంగతైనా వాడికి లీటర్లలో చెబితేనే అర్థమవుతుంది. ఆ లీటరు ఒకరోజు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు.

"చూడు టోలో! ఇంక పొయ్యి అక్కర్లేదు, కట్టెలక్కర్లేదు. గింజలు నానడం, మరగడం, చల్లారడం, అన్నీ ఈ ఒక్క గిన్నెలోనే. ప్లగ్గు పెట్టడమే మన పని."

ఆ చలికాలమంతా మేము ఎంచుతూనే గడిపాం. పంపు ఉన్నదా, లేనిదా? ముప్పై లీటర్లదా, అరవైదా? మీట తిప్పేదా, ఫోన్‌తో నడిచేదా?

"నా పెళ్ళి సంబంధం కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోలేదురా లీటరూ," అన్నాను ఒకసారి.

"ఏమిటి చూసుకోలేదూ?" అంది వెనకనుంచి మాబెలే.

లీటరు కంచె దూకాడు. ఆ వయసులో అలా దూకగలడని మా ఇద్దరికీ తెలియదు. ఫోన్ మాత్రం నా చేతిలో ఉండిపోయింది, తెర మీద తళతళలాడే స్టీలు గిన్నెతో సహా.

"సూపు యంత్రం," అన్నాను. "మీ సంఘం కోసం. గురువారం ప్రార్థనకి వచ్చేవాళ్ళు చలికి వణికిపోతున్నారు కదా!"

మాబెలే నా మొహం పరీక్షగా చూసింది. మా కాపురంలో నేను వాళ్ళ సంఘం చలి గురించి ఆలోచించడం అదే మొదలు.

"మంచి ఆలోచన. ఎంచడానికి నేనూ వస్తాను," అంది.

లీటరుని కూడా కారెక్కించుకుని ముగ్గురం మా సముద్రపొడ్డు పట్నం ఈస్ట్ లండన్‌కి వెళ్ళాం. అక్కడ యంత్రాలమ్మే దుకాణం బోర్డు మీద నురుగు పొంగుతున్న గ్లాసు బొమ్మ ఉంది.

"సూపుకి ఇంత నురుగొస్తుందా?" అంది మాబెలే.

"బాగా మరిగితే," అన్నాను.

దుకాణంవాడు హెనీ. ఛాతీ దాకా గడ్డం. "అమ్మా, ఇందులో ముందు బార్లీ..." అని మొదలుపెట్టాడు. నేను దగ్గాను. వాడు పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"ఈ జల్లెడ బుట్ట ఎందుకు?" అంది మాబెలే.

"ఎముకలు సూపులోకి రాకుండా," అన్నాను.

"ఈ పంపు?"

"అడుగంటకుండా."

"మరి ఈ గొట్టాల చుట్ట?"

"అది... సూపు చల్లార్చడానికి."

"చలికి వణికేవాళ్ళకి సూపు చల్లార్చి ఇస్తావా?"

"పెద్దవాళ్ళ నాలుకలు కాలకుండా."

హెనీ నావైపు జాలిగా చూసి, గడ్డం వెనక్కి వెళ్ళిపోయాడు. లీటరు గోడ మీది ధరల పట్టికని బైబిలు వాక్యంలా చదవసాగాడు.

"చిన్నది మా సంఘానికి ఏ మూలకి? పెద్దదే ఇవ్వు నాయనా," అంది మాబెలే.

లీటరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుగుదారిలో వెనక సీట్లో యంత్రాన్ని వాటేసుకుని కూర్చున్నాడు.

ఆదివారం పాస్టరుగారు నన్ను వేదిక మీదికి పిలిచారు. మహిళా సంఘానికి నేను సూపు యంత్రం సమర్పించానని ప్రకటించారు. అది నాకు అప్పుడే తెలిసింది. సంఘమంతా లేచి నిలబడి పాడింది. నేనూ పాడాను, వేరే ఏం చెయ్యాలో తోచక.

అయితే చర్చి వంటింటి వైరింగు అంత కరెంటుకి ఆగదన్నారు. యంత్రం మా గ్యారేజీలోనే ఉండిపోయింది. దీన్ని లీటరు దైవసంకల్పం అన్నాడు.

మొదటి గురువారం సూపు కాచాను. చిక్కుడు గింజలు పంపులో ఇరుక్కుని, గొట్టం ఊడి, సూపు గ్యారేజీ పైకప్పుకి చేరింది. ఎర్ర జాకెట్లవాళ్ళు కిందికి కారినది తాగి, ఉప్పు సరిపోయిందన్నారు.

తర్వాతి శనివారం సంఘమంతా పొరుగూరి సభకి వెళ్తోందని, చీకటి పడితే గాని రానని చెప్పి మాబెలే టోపీ పెట్టుకుని వెళ్ళింది. ఆవిడ మలుపు తిరగ్గానే లీటరు బార్లీ బస్తా భుజాన వేసుకుని వచ్చాడు.

ఎంత బాగా కుదిరిందని! గింజలు నానాయి, పంపు తిరిగింది, గ్యారేజీ అంతా వేడి వేడి తీపి వాసన. బుట్ట పైకెత్తి వడగట్టాం. కింద తేనె రంగు రసం. ఇక మరిగించి, బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు వేసి, పులియబెట్టడమే. పొట్లం చింపబోతున్నాడు లీటరు.

గేటు చప్పుడైంది. మాబెలే వచ్చింది. ఆవిడ వెనకాల ఎర్ర జాకెట్లు వీధి చివరిదాకా ఉన్నాయి.

"సభ వాయిదా పడింది," అంది మాబెలే.

చేదు పూల పొట్లం లీటరు చొక్కాలోకి దూరింది. సంఘం అధ్యక్షురాలు మామా నొసిసా (మా భాషలో మామా అంటే అమ్మ) గిన్నెలోకి తొంగి చూసింది. ఆవిడ ముందు పాస్టరుగారు కూడా మెల్లగా మాట్లాడతారు.

"ఏం కాస్తున్నావు టోలో?"

"సూపే కదా?" అంది మాబెలే, నా కళ్ళలోకి చూస్తూ.

"సూపే," అన్నాను. "బార్లీ సూపు."

"అయితే మాకూ తలో కప్పు పొయ్యి."

కప్పులొచ్చాయి. మామా నొసిసా ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఇంకో గుక్క తాగింది.

"ఇంత తియ్యగా ఉందేమిటి! ఇందులో మత్తేమీ లేదు కదా?"

"అయ్యో, లేదమ్మా! ఇంకా..."

ఈసారి లీటరు దగ్గాడు.

"ఇంకా ఏమిటి?"

"ఇంకా చక్కెర కూడా వెయ్యలేదు," అన్నాను.

సాయంత్రానికి గిన్నె అడుగు కనిపించింది. ప్రతి శనివారం ఇదే కావాలని సంఘం అక్కడికక్కడే తీర్మానించి, ప్రార్థన చేసి వెళ్ళింది.

మాబెలే కప్పులు కడుగుతోంది. నేను తుడుస్తున్నాను.

"మా నాయనమ్మ బీరు కుండల మధ్యే పెరిగాను నేను," అంది తల తిప్పకుండా. "ఇవాళ వచ్చింది మొదటిరోజు వాసన. మొదటిరోజుది ఇంకా పులియదు, మా ప్రమాణానికి అడ్డురాదు."

"అంటే దుకాణంలోనే నీకు తెలుసా?"

"కంచె దగ్గరే తెలుసు."

"మరి అన్ని ప్రశ్నలెందుకు అడిగావు?"

"ఎంతదూరం వెళ్తావో చూద్దామని. సూపు చల్లార్చడం దాకా వెళ్ళావు."

"పెద్దదే ఎందుకు కొనిపించావు?"

"మా సంఘంలో ఎంతమందిమో నీకు తెలియదు కాబట్టి."

నేను తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచాను.

ఇప్పుడు బార్లీ కాచడంలో నాకూ లీటరుకీ చుట్టుపక్కల మంచి పేరుంది. పొరుగూళ్ళ సంఘాలవాళ్ళు కూడా మమ్మల్నే పిలుస్తున్నారు. గింజ ఎంతసేపు నానాలో, వేడి ఎక్కడ ఆపాలో వేలు ముంచి చెప్పేస్తాం. ఆ తర్వాత ఏం చెయ్యాలో కూడా మాకు బాగా తెలుసు. కాని ఇంతవరకూ మా చేతిమీదుగా దిగిన రసంలో ఒక్క చుక్కయినా బీరయ్యేదాకా బతకలేదు.