ఆక్వా వియ్యపురాలు

సాహసమనేదానికి ఈ భూమ్మీద రెండే షరతులు. ఒకటి, అందుకు తగిన బట్టలుండాలి. రెండు, ఎవరో ఒకరు దాన్ని ఫోన్లో తియ్యాలి. ఈ రెండూ లేకుండా నీళ్లలోకి దిగితే అది సాహసం కింద రాదు, బతుకుతెరువు కిందికి వస్తుంది. ఈ తేడా తెలియకే మొగల్తూరు అవతల సముద్రపొడ్డున వందలాది కుటుంబాలు తాతల నాటినుంచీ తెల్లవారకముందే కెరటాలకి ఎదురెళ్తూ కూడా ఇంతవరకూ ఒక్క లైకు సంపాదించుకోలేకపోయాయి.

వెంకటదుర్గ ఆ ఒడ్డునే పుట్టింది. సరిగ్గా నడవడం రాకముందే పడవెక్కింది. పదేళ్లకి తెడ్డు పట్టింది. అలాంటి దుర్గకి పెళ్లయ్యాక నీళ్లంటే భయం పట్టుకుంది. పట్టుకుంది అనడం కంటే, భర్త దగ్గరుండి నేర్పించాడు అనడం న్యాయం.

భర్త పేరు ఉదయ్‌కుమార్. పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీది ఊళ్లో వ్యవసాయదారుల ఇల్లు. నరసాపురంలో డిగ్రీ చదివేటప్పుడు దుర్గని ప్రేమించాడు, ఇంట్లోవాళ్లని ఒప్పించి చేసుకున్నాడు. వారంలో ఆరు రోజులు రొయ్యల మేత కంపెనీ తరఫున చెరువుల చుట్టూ తిరుగుతాడు. ఏడో రోజు సాహసం చేస్తాడు. వీళ్లిద్దరి సాహసాలకీ ఇన్‌స్టాలో 'గోదారి జంట' అని ఒక పేజీ ఉంది, దాన్ని పదకొండు వేలమంది చూస్తున్నారు. ప్రతి వీడియోలోనూ నారింజరంగు ప్లాస్టిక్ పడవలో ముందు కూర్చుని తెడ్డు వేసేది ఉదయ్‌కుమార్. వెనక లైఫ్ జాకెట్ తొడుక్కుని, కళ్లు మూసుకుని, "ఏవండీ, నాకు భయంగా ఉందండీ" అనేది దుర్గ. మొదటిసారి ఆ మాట ఆమె గ్యాస్ అయిపోయిందని చెప్పినంత మామూలుగా అనేసింది. అందుకని వారం రోజులపాటు వంటింట్లో పప్పు ఉడికేలోగా అతను సాధన చేయించాడు. ఒకరోజు సాధన బాగా కుదిరేసరికి అత్తగారు పెరట్లోంచి చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చి గోడలమీద బల్లి కోసం వెతికారు.

వీడియోల్లో కనబడనిది ఒకటుంది. ఉదయ్‌కుమార్‌కి ఈత రాదు.

ఒక ఆదివారం పొద్దున్నే గోదావరి మధ్య లంకలో, ఇసుక మీద గుడారం వేశాడు. సముద్రం పోటు వచ్చే వేళయింది, పైకి జరుగుదామండీ అంది దుర్గ. ఫోన్లో వాతావరణం చూసి, వర్షసూచన లేదని అతను తేల్చేశాడు. ఫోన్‌కి వాన సంగతి తెలుసుగాని పోటు సంగతి తెలియదు. గంటలో నీళ్లు గుడారంలోకి వచ్చి స్టవ్వునీ ఉప్మానీ తీసుకుని వెళ్లిపోయాయి. దుర్గ చీర ఎగదోపి గుడారాన్ని ఒక చేత్తోనూ, గుడారంలోని మనిషిని రెండో చేత్తోనూ పట్టుకుని గట్టెక్కించింది. తడి ఆరాక, మోకాలిలోతు నీళ్లలో ఉదయ్‌కుమార్ ఆమెని ఎత్తుకుని తీసుకొచ్చినట్టు మళ్లీ తీశారు. అది మూడుసార్లు తియ్యాల్సి వచ్చింది, రెండుసార్లు అతను ఆమెని పడేశాడు.

ఇదంతా దుర్గకి నవ్వులాటగానే ఉండేది. మనిషి మంచివాడు, సాయంత్రం చెరువుల మీదినుంచి రాగానే ఉల్లిపాయలు తరిగి ఇస్తాడు, ఏ విషయమైనా ముందు ఆమెకే చెప్తాడు. ఆమెకి నవ్వు రాని సంగతి వేరే ఉంది.

ఈ ప్రాంతంలో చేపకి రెండు హోదాలు. చెరువులో పెంచి లారీకెక్కిస్తే ఆక్వా. వలలో పట్టి నెత్తికెత్తుకుంటే చేప. మొదటిదానికి మేడా, కారూ, పేరు చివర గారూ వస్తాయి. రెండోదానికి వాసన వస్తుంది. దుర్గ తండ్రి సముద్రం మీద వేటకెళ్తాడు. తల్లి మరిడమ్మ ఆ చేపలు తట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. పన్నెండేళ్లపాటు ఆమె అమ్మింది ఈ ఊళ్లోనే, ఈ వీధిలోనే. దుర్గ అత్తగారు సత్యవాణి ఆ రోజుల్లో ఒక్క చందువా చేప కోసం ఆమెతో అరగంట బేరమాడేవారు.

నిశ్చితార్థం నాడు సత్యవాణిగారు వీధిలోవాళ్లందరినీ కూర్చోబెట్టి, మా వియ్యాలవారిది ఆక్వా అని ప్రకటించారు. వియ్యపురాలు మార్కెటింగ్ చూసుకుంటారని కూడా చెప్పారు. ఊరు మర్యాదస్తుల ఊరు. పన్నెండేళ్లు చేపలమ్మిన మనిషిని ఒక్క పూటలో మర్చిపోయింది. ఎదురింటి రత్నమాణిక్యంగారైతే పెళ్లిపందిట్లో మరిడమ్మకి బొట్టుపెట్టి, మీ చెరువులు ఎటువైపండీ అని అడిగారు. సముద్రం వైపండి అని మరిడమ్మ ఉన్నమాటే చెప్పింది.

ఆ రోజునుంచి మరిడమ్మ తట్టతో ఈ వీధిలో అడుగుపెట్టలేదు. ఆటో దిగకుండా పక్క ఊరికి పోతోంది. ఏడాదిన్నరలో కూతురిని చూడ్డానికి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పట్టుచీరలోనే. సోఫా అంచున కూర్చుని, గోళ్లలో ఎక్కడ పొలుసు ఉండిపోయిందోనని చేతులు కొంగులో దాచుకుంది. అది చూసి దుర్గకి ఏడుపొచ్చింది. తనకి అన్నం పెట్టిన చేతులవి. ఎప్పటికైనా అమ్మ ఈ గుమ్మంలో తట్ట దించి కూర్చోవాలి, తను మంచినీళ్లిచ్చి, మా అమ్మ చేపలమ్ముతుంది అని నలుగురిలో చెప్పాలి. ఆమె కోరుకున్నది అదొక్కటే. భర్తతో అంటే, పేజీ ఒక స్థాయికి వచ్చాక వాళ్లమ్మతో మాట్లాడతానన్నాడు.

ఇలా ఉండగా గోదావరి జలసాహస ప్రోత్సాహక కేంద్రంవారు ఒక ప్రకటన చేశారు. ఒక యువ జంటని జలసాహస దంపతులుగా ఎంపిక చేసి, పడవలెక్కే చోటల్లా వాళ్ల బొమ్మ నిలువెత్తున పెడతారట. ఉదయ్‌కుమార్ దరఖాస్తు పెట్టాడు. భార్య తరఫువారి వృత్తి అన్నచోట సత్యవాణిగారు పక్కన నిలబడి 'ఆక్వా' అని రాయించారు. నెల తిరక్కుండా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. అది విప్పకముందే సత్యవాణిగారు వీధంతా పూతరేకులు పంచేశారు.

విప్పి చూస్తే అందులో ఏడో నిబంధన ఉంది. 'ఎంపికైన దంపతులు ఇరువురూ ప్రవహించు నీటిలో, ఎట్టి తేలియాడు ఉపకరణముల సహాయము లేకుండా, రెండువందల మీటర్లు ఈదవలెను.' ఉదయ్‌కుమార్ అది చదివి గ్లాసుడు నీళ్లు తెప్పించుకున్నాడు. తాగకుండా కాసేపు వాటివంకే చూశాడు. దాని కిందే ఇంకో వాక్యం కనబడింది. 'దంపతులలో ఒకరు సంప్రదాయ మత్స్యకార కుటుంబమునకు చెందినవారైనచో ఇరువురికీ మినహాయింపు కలదు.' ఈత పెళ్లితో పాటే సంక్రమిస్తుందని కేంద్రంవారు కనిపెట్టారన్నమాట.

సత్యవాణిగారు రెండు రోజులు ఆలోచించారు. పూతరేకులు తినేసినవాళ్లకి ఇప్పుడు బొమ్మ లేదని ఎలా చెప్పడం? ఒక్క పూట చేపలవాళ్లమైతే పోయేదేముంది, అదీ కాగితం మీదేగా అని తీర్మానించారు. 'మత్స్యకార' అని దిద్ది ఇంకో దరఖాస్తు పంపించారు. ఒకే కుటుంబం నెలరోజుల్లో ఆక్వా నుంచి చేపలకి దిగజారడం కేంద్రంవారికి అనుమానం పుట్టించింది. స్వయంగా వెళ్లి తేల్చుకురమ్మని విచారణాధికారిని పంపారు.

అధికారి ప్రసన్నకుమార్‌గారు పొద్దున్న పదిన్నరకి మూడు ప్రతుల కాగితాలతో దిగారు. సత్యవాణిగారు ముందురోజే మరిడమ్మకి ఫోన్ చేసి, ఎవరో ఆఫీసరుగారు వస్తున్నారు, మంచి చీర కట్టుకు రండి వదినగారూ, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి అన్నారు. అంతకంటే వివరంగా చెప్పడానికి నోరు రాలేదు. మిగతాది కోడలు చెప్పుకుంటుంది అనుకున్నారు. అత్తగారే చెప్పారు కదా అని కోడలు ఊరుకుంది. మరిడమ్మ పట్టుచీరలో వచ్చి సోఫా అంచున కూర్చుంది.

అధికారి ముందు ఇరుగుపొరుగుని విచారించాలన్నారు. రత్నమాణిక్యంగారిని పిలిపించారు. మరిడమ్మగారు చేపలమ్మడం మీరెప్పుడైనా చూశారా అని అడిగారు. రత్నమాణిక్యంగారికి ఒళ్లు మండింది. ఎవరో గిట్టనివాళ్లు సత్యవాణి మీద అర్జీ పెట్టారనుకున్నారు.

"ఎవరండీ ఆ కూతలు కూసింది? వాళ్లు ఆక్వా వాళ్లండి. నేనావిడ దగ్గర జన్మలో చేప కొన్లేదు, కావాలంటే ప్రమాణం చేస్తాను."

ఆ ప్రమాణం చేసి, సత్యవాణిగారి వంక చూసి, నీ పరువు నేను కాపాడానులే అన్నట్టు తలూపి ఇంటికెళ్లిపోయారు. తర్వాత పిలిచిన ముగ్గురూ అదే చెప్పారు. ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి వాళ్ల చెరువుల విస్తీర్ణం కూడా రాయించారు.

సత్యవాణిగారు కల్పించుకున్నారు. ఆక్వా అన్నా నీళ్లే కదా, అర్థం ఒకటే కదండీ అన్నారు. అర్థం ఒకటేగాని నిబంధన వేరని అధికారి చెప్పారు. ఆక్వావారు చెరువు గట్టుమీద నిలబడతారు గనక వాళ్లకి ఈత వచ్చినట్టు కేంద్రం భావించదట. ఇక మిగిలింది మీ వాంగ్మూలమేనంటూ మరిడమ్మ వైపు తిరిగారు.

"మీరేం చేస్తారమ్మా?"

మరిడమ్మ కూతురి వంక చూసింది, వియ్యపురాలి వంక చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. ఈ ఇంట్లో ఏడాదిన్నరగా ఉన్నది ఏదో ఆమెకి తెలుసు. తన మాటవల్ల కూతురి కాపురానికి ఏ మాటా రాకూడదు.

"ఆక్వా అండి," అంది.

అధికారి కలం మూత పెట్టారు. మినహాయింపు వర్తించదనీ, ఆదివారం ఉదయం వీధి చివరనున్న కాలవలోనే ఇద్దరికీ ఈత పరీక్ష ఉంటుందనీ చెప్పి లేచారు. ఉదయ్‌కుమార్ గుమ్మంలోంచి కాలవని చూశాడు. వీడియోల్లో ఎప్పుడూ అంత వెడల్పుగా లేదది.

దుర్గకి భర్తని చూస్తే జాలేసింది. తల్లిని చూస్తే మాత్రం జాలితో సరిపోలేదు. పన్నెండేళ్ల కష్టాన్ని అమ్మ చేతే లేదనిపించారు. ఆమె వెళ్లి తల్లి పక్కన కూర్చుని, కొంగులోంచి ఆ రెండు చేతులూ బయటికి లాగి పట్టుకుంది.

"అమ్మా, ఈ వీధిలో ఎలా పిలిచేదానివో ఒక్కసారి పిలువు."

మరిడమ్మ భయంగా సత్యవాణిగారిని చూసింది. సత్యవాణిగారు కొడుకుని చూశారు. కొడుకు కాలవనే చూస్తున్నాడు. ఆవిడ తల వంచుకుని, పిలవండి వదినగారూ అన్నారు, తనకే వినబడనంత మెల్లగా.

మరిడమ్మ వీధి అరుగు మీదికి వచ్చింది. పట్టుకొంగు నడుముకి దోపింది. కుడిచెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లింది.

"చేపలమ్మా చేపలూ... చందువాలూ, కొయ్యంగలూ, పండుగొప్పలూ..."

పదకొండు గంటల వేళ. ఏ ఇంట్లోనూ ఇంకా కూర పొయ్యెక్కలేదు. ముందు రత్నమాణిక్యంగారి తలుపు తెరుచుకుంది. చేతిలో గిన్నె ఉంది. జన్మలో చేప కొనలేదని ప్రమాణం చేసి ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ఆ వెనక చెరువుల విస్తీర్ణం రాయించినావిడ తపేలాతో వచ్చారు. వీధి పొడవునా ఒక్కొక్క గుమ్మంలోంచీ ఒక్కొక్క గిన్నె బయటికొచ్చింది.

"ఇన్నాళ్లూ ఏమైపోయావు మరిడమ్మా? ఆ పక్కూరి మనిషి తెచ్చేవన్నీ మెత్తబడిపోయిన చేపలు," అంటూ దగ్గరికొచ్చిన రత్నమాణిక్యంగారు పట్టుచీరనీ, తట్ట లేకపోవడాన్నీ, పక్కనే కాగితాలతో నిలబడ్డ అధికారినీ వరసగా చూసి, గిన్నె వెనక్కి పెట్టుకున్నారు.

ప్రసన్నకుమార్‌గారు గిన్నెలు లెక్కపెట్టారు. పదకొండు. కలం మూత తీసి, 'స్థానిక విచారణలో సాక్షుల నోటిమాట కంటే చేతిలోని పాత్రలు విశ్వసనీయములుగా తోచినందున, సదరు కుటుంబము సంప్రదాయ మత్స్యకార కుటుంబమేనని ధ్రువీకరించడమైనది' అని మూడు ప్రతుల్లోనూ రాశారు. ఈ సమాచారం ముందుముందు తప్పని తేలితే మినహాయింపు రద్దై పరీక్ష తప్పదని చదివి వినిపించి, దుర్గ చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో సత్యవాణిగారికి ప్రాణం లేచొచ్చింది. వియ్యపురాలి నడుముకి దోపిన కొంగు తనే విప్పి భుజాన సర్దారు. "ఈ పూటతో సరి వదినగారూ. రేపట్నుంచి మళ్లీ ఆక్వానే అనుకుందాం," అన్నారు. గిన్నెలవాళ్లందరూ మర్యాదగా తలూపారు. అప్పటికప్పుడే మర్చిపోవడం మొదలుపెట్టినవాళ్లు కూడా కొందరున్నారు.

"కుదరదండి అత్తయ్యగారూ," అంది దుర్గ. కోడలిగా వచ్చాక ఆ ఇంట్లో ఆమె నోట ఆ మాట వినబడటం అదే మొదలు. "ఆఫీసరుగారు రాసుకుని వెళ్లారు. మళ్లీ ఎవరి నోటయినా ఆక్వా అని వస్తే అది తప్పుడు సమాచారం కిందికి వస్తాది. మీ అబ్బాయిని కాలవలో దింపేస్తారండి."

సత్యవాణిగారు కొడుకు వైపు తిరిగారు. ఉదయ్‌కుమార్ నారింజరంగు లైఫ్ జాకెట్ ఎప్పుడు తెచ్చుకున్నాడో, వీధి అరుగు మీద నిలబడి తొడుక్కుంటున్నాడు.

ఆవిడ గొంతు సవరించుకుని, చివరింటిదాకా వినబడేటట్టు చెప్పారు.

"ఏమండీ రత్నమాణిక్యంగారూ, మా వదినగారు రేపు తొమ్మిదింటికల్లా చేపలు తెస్తారు. తట్ట ముందు మా గుమ్మంలోనే దింపుతారు, కావలసినవాళ్లు ఇక్కడికే రండి."