గుబేలు కడుపులో చప్పుడు

ఆ రోజు పొద్దున కోడలికి ఉన్నవి రెండే పనులు. గుబేలు పొట్టలో దూది కూరి కుట్టేయడం, బొమ్మల కొట్టావిడ వస్తే చూపించడం. ఆవిడకు నచ్చితే కొట్లో ఒక అర ఇస్తానంది. నచ్చకపోతే మళ్ళీ ఏదైనా ఆఫీసులో చేరతానని కోడలు ఇంట్లో మాటిచ్చింది.

గుబేలంటే గుడ్లగూబ మొహం, కుందేలు చెవులు, తొండ తోక ఉన్న బొమ్మ. ఏ అడవిలోనూ లేని ఆ జంతువును ఆమె నెల్లాళ్ళుగా ముక్కముక్కా కత్తిరించి చేత్తో కుడుతోంది. గూబనీ కుందేలునీ కలిపి ఆ పేరు పెట్టింది భర్త. అతను కాఫీ తాగి, ఫోను బల్లమీది దూదికుప్పలో వదిలేసి స్నానానికి వెళ్ళాడు. ఆమె గుప్పెళ్ళకొద్దీ దూది కూరి పొట్ట మూసేసింది. ఎంత వెతికినా కుట్టు కనపడకూడదని ఆమె పట్టుదల.

స్నానం ముగించుకొచ్చిన భర్త భార్య ఫోను తీసుకుని, పడగ్గదిలో కూర్చుని తన ఫోనుకు రింగివ్వడం మొదలుపెట్టాడు. మీటింగుల కోసం ఎప్పుడూ మోత ఆపేసి ఉంచే ఫోనది. ఇక్కడ హాల్లో, సోఫామీద, గుబేలు గుర్రుమంది. పక్కన కూర్చున్న అత్తగారి గుండె గుబేలుమంది.

"అమ్మాయ్, ఇది గుర్రుమంటోంది."

"దూది సర్దుకుంటోందేమో అత్తయ్యా."

"దూదికి గురకేంటమ్మా. రాత్రంతా దీని పొట్ట తెరిచే ఉందిగా. పెరట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది కూడాను."

ఇద్దరూ పెరట్లోకి పరిగెత్తారు. నాలుగు పిల్లల్లో ఒకటి లేదు. కోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ప్రాణంతో ఉన్నదాన్ని లోపల పెట్టి కుట్టేశానా?" అంటూ గోడకు ఆనుకుంది.

గోడ అవతల ఈ మాట విన్న పక్కింటాయన పశువుల డాక్టరు కోసం పరిగెత్తాడు. దారిలో అడిగినవాళ్ళకు "లోపల ప్రాణముందండీ, త్వరగా బయటికి తియ్యాలి" అని మాత్రం చెప్పాడు. దాంతో డాక్టరు వెనకే నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ కాన్పనుకుని గిన్నెతో వేణ్ణీళ్ళు పట్టుకొచ్చింది.

డాక్టరు గుబేలు పొట్టమీద స్టెతస్కోపు ఆనించాడు. పడగ్గదిలో భర్త మళ్ళీ నొక్కాడు.

"బతికే ఉంది. ఆగి ఆగి ఊపిరి తీస్తోంది. కుట్టెక్కడుందో చూపించండమ్మా, విప్పుదాం."

కోడలు బొమ్మను ఇటు తిప్పింది, అటు తిప్పింది. తను వేసిన కుట్టు తనకే దొరకలేదు. ఒక్క క్షణం గుబేలు మొహంలోకి చూసి డాక్టరు చేతికిచ్చేసింది.

"కోసెయ్యండి. బొమ్మదేముంది, మళ్ళీ చేసుకుంటాను."

అని అటు తిరిగి కళ్ళు మూసుకుంది. డాక్టరు కోశాడు, దూది తీశాడు, చెయ్యి పెట్టి నల్లగా పలకలాంటిదాన్ని మెల్లగా బయటికి లాగాడు. అది అతని అరచేతిలో గుర్రుమంది.

అప్పుడే భర్త గదిలోంచి వచ్చాడు. "ఎన్నిసార్లు చేసినా చప్పుడే లేదే... ఏంటి, అందరూ ఇలా వచ్చారు?"

వేణ్ణీళ్ళావిడ గిన్నె కింద పెట్టింది.

"కోసింది నేను కాబట్టి కుట్టేదీ నేనే," అని డాక్టరు తల దించుకుని సంచీ విప్పాడు. కోడలు వారించేలోగా, మేకలకు వాడే లావుపాటి నల్లదారంతో పొట్టకు అడ్డంగా కుట్లు బిగించేశాడు. తలెత్తేసరికి గుమ్మంలో బొమ్మల కొట్టావిడ నిలబడి ఉంది.

ఆవిడ గుబేలును చేతిలోకి తీసుకుంది. చెవులు చూసింది, తోక చూసింది. నల్లకుట్లమీద వేలు ఆగిపోయింది.

"నా దగ్గరికొచ్చేవన్నీ అప్పుడే డబ్బాలోంచి తీసినట్టుంటాయి. దీన్ని చూస్తే పాపం, ఏదో పెద్ద గండం గడిచి బయటపడ్డట్టుంది. ఈ కుట్టెవరిది?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "నాదేనండీ."

"చాలా బాగుంది." ఆవిడ కోడలివైపు తిరిగింది. "అర నీదేనమ్మా. ఇంకో అరడజను చెయ్యి. ప్రతిదానికీ ఇలాంటి కుట్టుండాలి."

కనపడని కుట్టుకోసం నెల్లాళ్ళు కళ్ళు పొడుచుకున్న కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చివరికి నవ్వింది. నాలుగో పిల్లిపిల్ల ఉతికిన బట్టల బుట్టలో నిద్రపోతూ దొరికింది.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఒక మేకకు కుట్లు వేశాక, డాక్టరు రెండడుగులు వెనక్కి జరిగి, తల పక్కకు వంచి కాసేపు చూసుకున్నాడట.