వెలిగిన గ్లాసు

దేవకృపకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాగే నీళ్లలో సీసం కలిసి, పద్నాలుగు నెలల జెనిఫర్‌కు రేపు చదువు తలకెక్కకుండా పోతుందేమోనని. తన చదువు పదో తరగతి మధ్యలోనే ఆగింది. పాపదైనా సాగాలి.

కార్ఖానా ఏరియాలో వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక సందులో పాత బ్యాటరీలు విప్పే షెడ్డు ఉంది. బోరు నీళ్ల మీద అనుమానం దానివల్లే. పై అంతస్తులో ఉండే నీహారిక కాలేజీలో పరిశోధన చేస్తుంది. బుధవారం పొద్దున బస్సుకు పరుగెడుతూ ఒక చిన్న బుడ్డి, ఊదారంగు టార్చి దేవకృప చేతిలో పెట్టింది. బుడ్డిలో ఉన్నవి కరివేపాకు ఉడికించి తీసిన, కంటికి కనపడనంత చిన్న రేణువులట. గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి, చీకట్లో టార్చి కొట్టాలట.

"వెలుగు చూడు కృపా, దాన్నిబట్టే తెలుస్తది," అంటూ మెట్లు దిగిపోయింది. ఎలా తెలుస్తుందో చెప్పే తీరిక ఆమెకు లేదు, అడిగే ధైర్యం ఈమెకు లేదు.

దేవకృప ఇంట్లో స్వయంగా చేసుకున్న పరీక్ష జీవితంలో ఒక్కటే. అందులో రెండో గీత పడితే కడుపు ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. ఆ లెక్కనే కర్టెన్లు లాగి టార్చి కొట్టింది. గ్లాసు నీలంగా, నిండుగా వెలిగింది.

పాప ఇన్నాళ్లూ తాగింది ఈ నీళ్లే. భర్త కాలేబుకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. ఎదురింటి మేబెల్ ఆంటీ, అపార్ట్‌మెంట్ సెక్రటరీ, వచ్చి చూసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తెరిచాక కూడా గ్లాసు వెలుగుతూనే ఉంది.

"పరేషాన్ గాకు బిడ్డా. ట్యాంకు మొత్తం ఖాళీ చేపిస్త," అంది.

గంటలో పది ఫ్లాట్లవాళ్లు గ్లాసులతో దిగారు. అన్నీ వెలిగాయి. ఒకావిడ రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పారబోసింది. ఒకాయన తన మోకాళ్ల నొప్పికి కారణం ఇన్నాళ్లకు దొరికిందన్నాడు. పైన ట్యాంకు, కింద సంపు వదిలేస్తే నీళ్లు సందంతా పారి మోరీలో కలిశాయి.

మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చింది. ఆ నీళ్లలో చుక్కలు వేస్తే గ్లాసు నల్లగానే ఉండిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేబెల్ ఆంటీ మొదటి గ్లాసు తనే తాగి, సైనిక్‌పురిలో కిడ్నీలు బాగాలేని చెల్లెలి కోసం రెండు లీటర్ల బాటిల్ నింపుకుని ఆటో ఎక్కింది. దేవకృప ఆ నీళ్లతోనే పాలపొడి కలిపింది. పాప చుక్క కూడా మింగకుండా బాటిల్ మూడుసార్లు నేలకేసి కొట్టింది. ఇదీ విషం పనేనని తల్లి ఏడ్చింది, పాపను ఒకటి వేసింది కూడా.

సాయంత్రం నీహారిక వచ్చింది. గేటు దగ్గరే దేవకృప ఎదురెళ్లి, పొద్దున ఎంత వెలిగిందో, ఇప్పుడు దేవుడి దయవల్ల ఎంత చీకటిగా ఉందో చెప్పింది.

నీహారిక భుజం మీది బ్యాగు దించలేదు. "వెలిగితే మంచి నీళ్లు కృపా. సీసం లాంటిది తగిలితే ఆరిపోతది."

దేవకృప ట్యాంకర్ నీళ్లున్న సంపు వైపు తిరిగింది.

"ట్యాంకర్ల తుప్పున్నా ఆరొచ్చు. రేపు ల్యాబులో చూస్తేగాని చెప్పలేను. అప్పటిదాకా ముట్టకుండ్రి. ఎవరన్నా తాగిండ్రా?"

దేవకృప లోపలికి పరుగెత్తింది. పాల బాటిల్ నిండుగానే ఉంది. పాపను ఎత్తుకుని, తను కొట్టిన చోటే ముద్దుపెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది మేబెల్ ఆంటీ. ఫోన్ స్విచ్ఛాఫ్. చెల్లెలి ఇల్లు ఎక్కడో అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు.

సైనిక్‌పురిలో ఉండేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పచ్చ చీరలో, చేతిలో పెద్ద బాటిల్‌తో ఒక పెద్దావిడ కనిపిస్తే దయచేసి ఆపి, ఎలా ఉన్నారో అడగండి, నీళ్లిస్తే మాత్రం తాగకండి. ఆవిడ ఏదీ ఒక్కతే తాగే మనిషి కాదు.