గాలి పరీక్ష

తొమ్మిదింటికి ఆయన గడ్డం గీయించుకోవడానికి బయలుదేరగానే స్టూలెక్కాలి. మఫ్లరు లాగాలి. పాత బట్టల మూట అడుగున తోసేయాలి. పదింటికి తనిఖీ అధికారిణి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు టీ పెడుతూ కనిపించాలి. కళ్లు తెరిచిన దగ్గర నుంచీ వదినగారు ఈ వరసనే మనసులో తిప్పుకుంటోంది.

వదినగారంటే ఆ వీధిలో ఒక్కరే, రిటైరైన పోస్టుమాస్టరుగారి భార్య. ఆ ఇంట్లో చలికాలం గాలి గోడల్లోంచి కూడా వస్తుంది. రోజంతా హీటరు వేసినా ఆమె మోకాళ్లు వెచ్చబడవు, మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది. ఈ ఏడు ప్రభుత్వం కొత్త పథకం పెట్టింది. ఇంటి కంతలు పూడ్చుకుని, కిటికీలకు రెండో అద్దం వేయించుకుంటే ఖర్చులో ముప్పాతిక వంతు వాళ్లే ఇస్తారు. అయితే రెండు మెలికలున్నాయి. ఇంట్లోకి గాలి నిజంగానే దూరుతోందని పరీక్షలో తేలాలి. గోడ ఉమ్మడిది గనుక పక్కింటాయన కూడా సంతకం పెట్టాలి. గడువు ఈరోజుతో సరి.

పక్కింటాయన దర్జీ. ఆయనకీ పోస్టుమాస్టరుగారికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. పోస్టుమాస్టరుగారి ఆకుపచ్చ ఉన్ని మఫ్లరు ఆరేసిన తీగ మీంచి మాయమైంది. "గుడ్డ కనబడితే కత్తెర ఊరుకుంటుందా?" అని ఆయన వీధిలో నలుగురి ముందూ దర్జీని అనేశాడు. అప్పటి నుంచి గుండీ ఊడినా నాలుగు వీధులు నడిచి వెళ్లి కుట్టించుకొస్తున్నాడు.

మఫ్లరు ఎక్కడికీ పోలేదు. గాలివాన వచ్చిన సాయంత్రం పడకగది కిటికీ పైనున్న కంతలో, చేతికందిన గుడ్డలతో పాటు వదినగారే దాన్ని కుక్కేసింది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి వారం దాటింది, మాట వీధి దాటింది. ఇవాళ కాదు రేపు చెబుదామనుకుంటూనే తొమ్మిదేళ్లు గడిచాయి. ఈరోజు అధికారిణి పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లో గాలి తోడేస్తుందట. కంతల్లో ఉన్నవన్నీ బయటికొస్తాయట. పైగా ఆ దర్జీ కళ్ల ముందే!

తొమ్మిదైంది. పోస్టుమాస్టరుగారు కదల్లేదు.

"గడ్డం గీయించుకోరూ?" అంది వదినగారు.

"పరీక్ష ఇంటికా, నా గడ్డానికా?" అంటూ ఆయన కుర్చీ తెచ్చి సరిగ్గా పడకగది కిటికీ కింద వేసుకుని కూర్చున్నాడు. చేతిలో నిన్నటి పేపరు.

వదినగారు కిటికీ పైకి చూడబోయి ఆగింది. "ముందుగదిలో వెలుతురుందిగా, అక్కడ కూర్చోవచ్చుగా?"

"రూలు నంబరు నాలుగు చదివావా? పరీక్షకు ముందు ఇంటిలో ఎట్టి మార్పులూ చేయరాదు, చేసినచో దరఖాస్తు చెల్లదు. నీకేమో సర్దే జబ్బు. అందుకే ఈ కాపలా."

"దరఖాస్తుకి స్టాంపు అంటించారా? కొట్టుకెళ్లి తెస్తారేమోనని..."

"ముప్పై నాలుగేళ్లు స్టాంపులమ్మిన వాణ్ణి. నా డబ్బాలో ఉంటాయిలే."

తొమ్మిదీ ఇరవైకి ఆమె తెగించింది. "వీధి తలుపు ఎవరో కొడుతున్నారండీ!" అంది. ఆయన అయిష్టంగా లేచాడు. ఆయన వీపు కనబడగానే ఆమె మోకాళ్ల నొప్పి మరిచిపోయి స్టూలెక్కింది. గరిటె కాడతో కంతలో పొడిచి లాగింది. జానెడు ఆకుపచ్చ కొస బయటికొచ్చి ఆగిపోయింది. మరి రాదు, వెనక్కీ పోదు. ఇంత గట్టిగా ఎప్పుడు కుక్కిందో ఆమెకే గుర్తులేదు.

"తలుపు దగ్గర ఎవరూ లేరే!" ఆయన గొంతు దగ్గరైంది.

ఆమె పక్కనున్న క్యాలెండరు మేకుతో సహా పీకి, ఆ కొసను కప్పేలా కిటికీ పైన ఆ మేకు పెట్టి గరిటెతోనే ఒక్క దెబ్బ వేసింది. మేకు గోడలోకి పూర్తిగా దిగి అవతలికి పోయింది. దాంతోపాటు చేటంత పెచ్చు ఊడి కింద పడింది. అక్కడ పడిన కొత్త కంతలోంచి ఆకాశం కనిపించింది.

"ఏం చేశావ్?"

"తేదీ చూసుకుందామని..."

"తేదీ కోసం గోడ పగలగొడతారా?"

మేకు లేకపోయినా క్యాలెండరు కిటికీ కొక్కేనికి చిక్కుకుని ఎలాగో నిలబడింది. ఆయన దాని వంక ఒక్క క్షణం అదోలా చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. దరఖాస్తు తీసి అంచున రాశాడు. రాసింది పైకి చదివాడు కూడా: "ఉదయం తొమ్మిది గంటల ఇరవై ఐదు నిమిషాలకు దరఖాస్తుదారుని భార్య వలన గోడకు ఒక కంత ఏర్పడినది. ఇందులో దరఖాస్తుదారునికి ఎట్టి సంబంధమూ లేదు."

"ముప్పై ఎనిమిదేళ్ల కాపురం చేసి, సంబంధం లేదని రాతపూర్వకంగా ఇచ్చారన్నమాట!"

ఆయన జవాబిచ్చేలోపే ఈసారి నిజంగానే తలుపు చప్పుడైంది. పది కాకుండానే అధికారిణి వచ్చేసింది. వెనకాలే మెడలో కొలత టేపుతో దర్జీ. తన ఇంటి పరీక్ష అయిపోయింది, ఇక్కడ సాక్షిగా నిలబడాలి.

దర్జీ గోడను చూస్తూ అన్నాడు. "వదినగారూ, నేను టీకి రాలేదు, సాక్ష్యానికొచ్చానని మీ ఇంటాయనతో చెప్పండి."

"సాక్షికి కుర్చీ వెయ్యాలని రూల్లో లేదని ఆయనతో చెప్పు," అన్నాడు పోస్టుమాస్టరుగారు.

అధికారిణి వీధి గుమ్మానికి ఎర్ర గుడ్డ బిగించి, మధ్యలో ఫ్యాను అమర్చింది. దరఖాస్తు అంచున రాసింది చదివి, నవ్వు ఆపుకుంటూ కొత్త కంతకు టేపు అతికించింది. "ఇది లెక్కలోకి రాదు లెండి," అంది.

ఆమె ఇవతలికి రాగానే పోస్టుమాస్టరుగారు పడకగది తలుపు మూసేశాడు. "ఈ గది కూడా లెక్కలో వద్దండి. వాడుకలో లేదు."

"మంచం ఉందిగా?"

"మంచం ఉంది. నిద్ర లేదు."

ఈయనకి ఎన్నడూ లేని ఈ బుద్ధి ఎలా పుట్టిందో గాని, వదినగారు మనసులోనే దణ్ణం పెట్టింది. అధికారిణి మాత్రం వెళ్లి తలుపు బార్లా తెరిచింది. "లోపలి తలుపులన్నీ తెరిచే ఉండాలి. రూలు నంబరు నాలుగు, రెండో పేరా."

ఫ్యాను హోరుమంది. ముందుగదిలో కిటికీ పక్కనుంచి పేపరు ఉండలు టపటపా రాలాయి. ఆ తర్వాత ఒక బనీను, జత లేని మేజోడు, ఎప్పుడో పోయిందనుకున్న చేతిరుమాలు. అందరూ అవి రాలే వరసనే చూసుకుంటూ పడకగది దాకా వచ్చారు. క్యాలెండరు రెపరెపలాడి ఎగిరిపోయింది. దాని వెనక ఆకుపచ్చ కొస వణికింది, సాగింది. ధబ్బుమని ఒక మూట దర్జీ కాళ్ల దగ్గర పడింది.

వదినగారు కళ్లు మూసుకుంది. "తప్పు నాదే! ఆయన పొరపడ్డారు, మీ మీద నింద పడింది, నేను నోరు మూసుకున్నాను. ఆ గాలివాన రోజు నేనే ఉండచుట్టి..."

కళ్లు తెరిచి మూటను చూసింది. మఫ్లరు ఉండచుట్టి లేదు. నాలుగు మడతలు పెట్టి, అడ్డంగా నిలువుగా పురికొస చుట్టి, మధ్యలో జంట ముడి వేసి ఉంది. ముడి మీద పోస్టు పార్సిలుకి వేసినట్టు ఎర్ర లక్క.

ఆమె మెల్లగా భర్త వైపు తిరిగింది. "నేను లక్క వెయ్యలేదండీ."

"కర్టెను కడ్డీ మార్చినప్పుడు కనబడింది," అన్నాడు పోస్టుమాస్టరుగారు కిటికీతో.

"ఎప్పుడు?"

"ఎనిమిదేళ్లయింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

"ఫ్యాను ఆపమంటారా?" అని అడిగింది అధికారిణి.

"ఉండనివ్వండమ్మా," అన్నాడు దర్జీ. "గాలి బాగా ఆడుతోంది."

అధికారిణి ఫ్యానుకున్న మీటరు చూసింది. "ఆ మూట ఉన్నంతసేపూ మీ ఇంటికి సాయం అక్కర్లేదనే చూపించింది. అది ఊడాకే అర్హత వచ్చింది. ఇక ఈయన సంతకం ఒక్కటే."

దర్జీ కలం తీసుకున్నాడు గాని మూత తియ్యలేదు. "తొమ్మిదేళ్లు, వదినగారూ. కొలతలిచ్చి వెళుతూ ప్రతివాడూ 'మిగిలిన ముక్క కూడా ఇచ్చెయ్యవోయ్' అనేవాడు. నవ్వుతూనే అనేవాళ్లు."

పోస్టుమాస్టరుగారు తల దించుకున్నాడు. "నోరు జారాను. తెలిశాక కూడా దిద్దుకోలేదు. క్షమించు."

"నాతోనేనా?" అన్నాడు దర్జీ అటూ ఇటూ చూసి. తర్వాత వంగి మూట అందుకుని, లక్క ముద్రను గోటితో గీకి చూశాడు. చివరికి జేబులోంచి చిన్న కత్తెర తీసి పురికొస కత్తిరించి, మఫ్లరు దులిపి ఆయన మెడలో వేశాడు. "సంతకం పెడతాను. మా చలి కూడా తీరాలి కదా, వేళ్లు కొంకర్లు పోయి సూది నిలవడం లేదు. కానీ ఇది మెళ్లో వేసుకుని రోజూ మా కొట్టు ముందు నుంచి ఒకసారి నడవాలి. తొమ్మిదేళ్లు."

రెండు ఇళ్లకూ కంతలు పూడ్చారు, రెండో అద్దాలు బిగించారు. వదినగారి మోకాళ్లు నెమ్మదించాయి, హీటరు వారానికి రెండుసార్లు వేస్తే ఎక్కువ.

నడివేసవి వచ్చింది. పోస్టుమాస్టరుగారు తొమ్మిదింటికల్లా మెడకు మఫ్లరు చుట్టుకుని, చెమట తుడుచుకుంటూ గడ్డం గీయించుకోవడానికి బయలుదేరుతున్నాడు.