పసుపు కాదు, బంగారు రంగు

శనివారం పొద్దున రోస్విటా వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఏడింటికి కాఫీ, ఏడున్నరకి మెట్లు ఊడవడం, ఎనిమిదిన్నరకి తోట, తొమ్మిదింటికి తూకం మొదలు. కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది కూడా. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, కూతురు ఉద్యోగంలో చేరిన ఏడాదే తను బయో ఎకానమీ మాస్టర్స్‌లో చేరిన మనిషి. పథకం లేకుండా మంచం దిగదు.

"ఆ చదువేంటని ఫ్యాక్టరీలో అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?" అన్నాడు భర్త ఎకార్ట్, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"మొలిచేదీ పెరిగేదీ ఆఖరికి చెత్తలో పడేదీ, ఏదీ వృథా కాకుండా వాడుకోవడమెలాగో నేర్పే చదువని చెప్పు. వ్యవసాయం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, మూడూ కలిపి."

"రెండేళ్ళు?"

"రెండేళ్ళు."

"మా అమ్మకి చదవకుండానే వచ్చు," అన్నాడు ఎకార్ట్.

రోస్విటా లేచి కాఫీ కప్పులు తీసింది. అత్తగారి మాట వచ్చినప్పుడు జవాబు చెప్పకూడదని పాతికేళ్ళ కిందటే నేర్చుకుంది. అదీ ఒక చదువే.

ఊరికి పైన కొండవాలులో ఎకార్ట్ పెదనాన్న గోట్‌హిల్ఫ్‌కి నలభై చెట్ల తోట ఉంది. ఆపిల్, బేరి, అన్నీ తాతల నాటి రకాలు. ఏటా కాయలు రాలి, సగం కందిరీగలకీ సగం గొర్రెలకీ పోతాయి. అలా ఎంత పోతోందో తేల్చడమే ఈ అర్ధ సంవత్సరానికి రోస్విటా తీసుకున్న పని. పన్నెండు చెట్లు ఎంచి, చెట్టుకి రెండు కొమ్మల కాయలు కోసి, తూచి, తీపి కొలిచి, దాన్నిబట్టి మొత్తం అంచనా కట్టాలి. సోమవారం పొద్దున ప్రొఫెసర్ ముందు పెట్టాలి. పెట్టలేకపోతే ఈ పని మళ్ళీ వచ్చే అక్టోబరు దాకా కుదరదు. కాయలు ఏడాదికి ఒక్కసారే కాస్తాయి కదా.

గోట్‌హిల్ఫ్ ఒప్పుకోవడానికి మూడు నెలలూ, నాలుగు ప్లమ్ పళ్ళ కేకులూ పట్టాయి. ఎనభై ఒకటో ఏట ఆయన చీటీ రాసిచ్చాడు: "రోస్విటాకి. పన్నెండు చెట్లు. గుర్తులు కట్టుకోవచ్చు, తూచుకోవచ్చు, రాసుకోవచ్చు. చెట్టుకి రెండు కొమ్మలు. అంతకు మించి ఒక్క కాయ ముట్టినా ఇదే ఆఖరు. శనివారం ఒక్కరోజే. ఆదివారం గొర్రెల్ని వదులుతాను."

గుర్తుల కోసమే శుక్రవారం సాయంత్రం రోస్విటా సొరుగు తెరిచింది. కూతురి చర్చి వేడుకకి బహుమతుల మీద చుట్టి వచ్చిన రిబ్బన్లు అందులో పన్నెండేళ్ళుగా ఉన్నాయి. అన్నీ ఇస్త్రీ చేసి, చుట్టలు చుట్టి, రంగులవారీగా పెట్టెల్లో సర్దినవే. ఇంట్లో ఇన్ని ఉండగా కొట్లో కొనడం ఆ ఊళ్ళో తెలివైన పని అనిపించుకోదు. రంగు విషయంలో మాత్రం ఆమె జాగ్రత్తపడింది. ఆ చుట్టుపక్కల చెట్టుకి పసుపు రిబ్బను కట్టి ఉందంటే, ఎవరైనా వచ్చి కోసుకోవచ్చని యజమాని చెప్పినట్టు. అడగక్కర్లేదు. అందుకని పసుపు పెట్టె జోలికి పోకుండా, మూత మీద "బంగారు రంగు" అని రాసి ఉన్న పెట్టె తీసింది. చీకటి పడేలోపు పన్నెండు చెట్లకీ పువ్వు ముడులు వేసి వచ్చింది.

శనివారం మెట్ల దగ్గరే ఆలస్యమైంది. ఆ భవనంలో మెట్లు వారానికొక ఇంటివాళ్ళు ఊడవాలి; ఆ వంతు బోర్డు ఈసారి వాళ్ళ గుమ్మానికే వేలాడుతోంది. పై అంతస్తు పిల్లలెవరో బురద బూట్లతో ఎక్కారు. తుడవకుండా వదిలేసి వెళ్తే సోమవారం దాకా ఆ మెట్లే ఆమె గురించి మాట్లాడతాయి. తోటకి చేరేసరికి తొమ్మిది దాటింది.

కంచె పక్కన ఏడు కార్లున్నాయి. ఆరు నిచ్చెనలున్నాయి. పొరుగు వీధి గెర్లిండె మూడో నంబరు చెట్టు మీద ఉంది.

"రా రా, రోస్విటా. ఈ బేరి ఎంత బావుందో. నీకు బుట్ట లేదా? మా ఆయన సంచి తీసుకో."

"గెర్లిండె, దిగు. అవి కోసుకోడానికి కాదు."

"రిబ్బనుందిగా."

"అది పసుపు కాదు. బంగారు రంగు."

గెర్లిండె కొమ్మ వంచి రిబ్బను చివర పట్టుకుని, తను తొడుక్కున్న పసుపు వానకోటు చేతికి ఆనించి చూసింది. "మా ఇంట్లో దీన్ని పసుపంటాం," అంది.

కింద నిచ్చెన పట్టుకున్న ఆమె భర్త కూడా చూశాడు. "కాస్త ముదురు పసుపు," అని ఒప్పుకున్నాడు. నిచ్చెన మాత్రం వదల్లేదు.

రోస్విటా ఒకటో చెట్టు దగ్గరికి పరిగెత్తి ముడి విప్పబోయింది. వెనక నుంచి ఎవరో దగ్గారు. సర్వే శాఖలో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైన ష్విల్లె.

"ఏమ్మా, ఆ రిబ్బను విప్పుతున్నారేం?"

"నేనే కట్టానండీ."

"చెట్టు మీదేనా?"

"కాదు. గోట్‌హిల్ఫ్ గారిది."

"మరి వేరేవాళ్ళ చెట్టుకి మీరెలా కట్టారు?"

రోస్విటా చీటీ తీసి ఇచ్చింది. ష్విల్లె కళ్ళజోడు మార్చుకుని రెండుసార్లు చదివాడు. "కట్టుకోవచ్చని రాశారు. విప్పొచ్చని రాయలేదు."

"రెండు కొమ్మలకి మించి ముట్టకూడదని కూడా రాశారు, చూడండి. వాళ్ళందరూ చెట్లు దులిపేస్తున్నారు."

"అది మీకు పెట్టిన హద్దు. పైన మీ పేరుంది కదా," అన్నాడాయన చీటీ మడిచి ఇస్తూ. "మీకు చీటీ, జనానికి రిబ్బను. దేని దారి దానిది."

ఇంతలో ఎవరో తోట ఫోటో తీసి ఊరి ఫోన్ గుంపులో పెట్టారు. పది కాకుండానే ఇంకో ఇరవై మంది వచ్చారు. ఒకామె పాపాయి బండిలోని పాపని చంకనెత్తుకుని, బండి నిండా ఆపిల్స్ వేసింది. అంతమందిలో ఒక్కరు కూడా రిబ్బను లేని చెట్టు జోలికి పోలేదు. పక్క చెట్టు కింది నుంచి దొర్లి వచ్చిన కాయనొకదాన్ని ఒకాయన ఏరి, తిరిగి ఆ చెట్టు మొదట్లోనే పెట్టి వచ్చాడు. ఇంత పద్ధతిగా దోచుకునేవాళ్ళని ఏమని తిట్టాలో రోస్విటాకి తోచలేదు.

ఆమె చూస్తుండగానే రెండు కుటుంబాలు సంచులు నింపుకుని వెళ్ళిపోయాయి. కొమ్మలతోపాటు తన ఏడాది కూడా ఖాళీ అవుతున్నట్టే ఉంది.

అప్పుడొచ్చాడు త్యార్క్. ఈ పనిలో ఆమెకి జోడీ. ఉత్తరాన సముద్రతీరం వాడు, వయసు ఇరవై నాలుగు, అర్థశాస్త్రం చదివి ఇటు వచ్చాడు. ఈ కొండ ప్రాంతపు యాసలో సగమే అర్థమవుతుంది. రైలు ఆలస్యం. వీపున సంచిలో తీపి కొలిచే గొట్టం, చేతిలో తూకం యంత్రం.

"వీళ్ళందర్నీ సాయానికి పిలిచారా? చెప్పనేలేదు," అన్నాడు మెచ్చుకోలుగా.

"పిలవలేదయ్యా. కొంప మునిగింది."

ఏం మునిగిందో ఆమె చెప్పేలోపే అతను యంత్రాన్ని చదునైన చోట చూసి దించేశాడు. దాన్ని చూడగానే తోటంతా ఒక్కసారి సద్దుమణిగింది. నిచ్చెనల మీది వాళ్ళు దిగారు. రెండు నిమిషాల్లో అందరూ వరస కట్టారు.

"తలా ఎన్ని కిలోలు?" అనడిగింది గెర్లిండె, వరసలో మొదట నిలబడి.

త్యార్క్‌కి "కిలోలు" ఒక్కటే అర్థమైంది. "తూచి రాసుకుంటాం," అన్నాడు. "ఏ చెట్టువో చెప్పండి."

"మూడో చెట్టు, బేరి. ముందు యంత్రం సున్నా చూపిస్తోందో లేదో చూడు బాబూ."

ష్విల్లె వచ్చి సున్నా చూశాడు. యంత్రం అర అంగుళం ఏటవాలుగా ఉందన్నాడు. కారులోంచి మట్టం సరిచూసే కర్ర తెచ్చి, కింద రెండు పలకలు పెట్టించాడు. సంచి బరువు తీసేయాలన్నాడు. ఆకులు వేరుగా తూచాలన్నాడు. రెండు చెట్ల కాయలు కలిపేసిన ఒకామెని వరస చివరికి పంపి విడదీయించాడు. పదిన్నరకల్లా రోస్విటా చేతిలోని తూకాల పట్టీ ఆయన చేతికి పోయింది.

రోస్విటా అలాగే నిలబడి చూసింది. పన్నెండు చెట్లు, ఏ చెట్టుది ఆ వరుసలో, ప్రతి కాయతో సహా. కొమ్మల్నిబట్టి అంచనా కాదు, అసలు తూకం.

"కానీ ముందే వెళ్ళిపోయిన రెండు కార్ల కాయలు లేవు," అంది నెమ్మదిగా. "ఐదో చెట్టు, తొమ్మిదో చెట్టు పనికిరావు."

"ఎవరు?" అన్నాడు ష్విల్లె. ఆమె పేర్లు చెప్పగానే ఫోను తీశాడు. "తూకానికి ఇవ్వకుండా వెళ్ళారండీ," అని మాత్రమే అన్నాడు. ఇరవై నిమిషాల్లో ఇద్దరూ వెనక్కి వచ్చారు. మొదటాయన సంచులు అలాగే ఉన్నాయి. రెండో ఆయన రెండు చేతులతో గిన్నె పట్టుకుని దిగాడు.

"మా ఆవిడ పొయ్యెక్కించేసింది," అన్నాడు తలొంచుకుని. "తొక్కలూ గింజలూ ఈ సంచిలో ఉన్నాయి. చెత్తబుట్టలోంచి ఏరి తెచ్చా. చక్కెర అరకిలో వేసింది, బరువులోంచి అది తీసేయండి."

త్యార్క్ గొట్టంలో ఒక చుక్క వేసి చూసి, "తీపి బావుంది," అన్నాడు. పట్టీలో తొమ్మిదో చెట్టు పక్కన చిన్న అక్షరాలతో "కొంత ఉడికినది" అని రాశారు.

సరిగ్గా అప్పుడే కంచె తలుపు కిర్రుమంది. చేతికర్ర, నల్లటోపీ. గోట్‌హిల్ఫ్.

వరస కదలడం మానేసింది. రోస్విటా చీటీని జేబులో నలిపి పట్టుకుంది. ముసలాయన ఒకటో చెట్టు దగ్గరాగి పైకి చూశాడు. తర్వాత రెండోది. పన్నెండు చెట్లూ చూసి రావడానికి ఆయన మోకాలికి పావుగంట పట్టింది. ఉడికిన కాయలు తెచ్చినాయన గిన్నెని వెనక్కి దాచుకున్నాడు.

"మామయ్యగారూ, తప్పు నాది," అంది రోస్విటా. "రిబ్బను రంగు..."

"గెర్లిండె," అన్నాడు గోట్‌హిల్ఫ్ ఆమెని దాటి చూస్తూ. "ఆ బేరి ఇవాళే కొరికావంటే పళ్ళూడతాయి. మూడు వారాలు గడ్డిలో పెట్టు. ఏయ్, బండి అమ్మాయ్, అవి వండే ఆపిల్స్. పాపకి పచ్చివి పెట్టకు. ష్విల్లె, ఆ కొసన నాలుగు వదిలేశారు. నిచ్చెన ఎక్కడం రాదా ఎవరికీ?"

తర్వాత రోస్విటా వైపు తిరిగాడు. "ఎంతొచ్చింది?"

"వెయ్యి మూడువందల పదహారు కిలోలండీ."

"మా నాన్న ఉండగా రెండు వేలు వచ్చేది," అన్నాడు. టోపీ తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆరేళ్ళయింది ఈ చెట్లెక్కి. రిబ్బను కట్టుకోమని మునిసిపాలిటీ వాళ్ళు ఏటా ఉత్తరం రాస్తారు. గోట్‌హిల్ఫ్ కాళ్ళు పడిపోయాయని ఊరంతటికీ దండోరా వేసుకోవడమే కదా అది. నేను కట్టను."

"మీరు కట్టలేదు," అంది రోస్విటా.

"అదే చెప్తున్నా. నేను కట్టలేదు."

"ఇప్పుడే విప్పేస్తానండీ, అన్నీ."

"పదకొండు విప్పు."

"పన్నెండోది?"

"రోడ్డు పక్కది బాగా పైకి కట్టావు, నాకందదు."

"నాకందుతుందండీ."

"చెప్పింది చెయ్యి, తల్లీ," అన్నాడు గోట్‌హిల్ఫ్. "ఎవరైనా అడిగితే నీ పేరే చెప్తాను."

సోమవారం ప్రొఫెసర్ పట్టీని చాలాసేపు చూశాడు. మిగతా జట్లన్నీ అంచనాలు తెచ్చాయి. ఈ పట్టీలో మాత్రం కాయలూ ఆకులూ సంచులూ వేరువేరుగా ఉన్నాయి. ప్రతి పేజీ కింద ఒక సర్వేయరు సంతకం ఉంది.

"ఈ పద్ధతి ఏ పుస్తకంలో చూశారు?"

"పుస్తకంలో కాదండీ," అంది రోస్విటా. "మా సొరుగులో ఉంది."

ఆ సాయంత్రం ఆమె పదకొండు రిబ్బన్లనీ ఉతికి, ఇస్త్రీ చేసి, చుట్టలు చుట్టింది. ఎకార్ట్ పేపరు చాటు నుంచి చూస్తున్నాడు. "ఇంతకీ బంగారు రంగేనా?" అన్నాడు.

రోస్విటా పెన్ను తీసుకుని, పెట్టె మూత మీద ఉన్నది కొట్టేసి, కింద "పసుపు" అని రాసింది.