పద్నాలుగో నెంబరు

ఆరు గంటల బస్సుకు ఐజాక్ ఐదింటికే చిలమత్తూరు బస్టాండులో నిలబడ్డాడు. చంకలో దుప్పటి చుట్టిన కీబోర్డు, వెనక కూతురు ఎస్తేరు. అనంతపురంలో పదకొండు గంటలకు ఎస్తేరుకు కీబోర్డు రెండో గ్రేడు పరీక్ష. పాసైతే ఆదివారం ఆరాధనలో కీబోర్డు ఆమెది. ఫెయిలైతే, ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుంటున్న ఐజాక్‌దే. ఫెయిలైనవాళ్ళు ఆ కుర్చీ ఎక్కకూడదని పాస్టరు యేసన్న చర్చిలో అందరిముందూ చెప్పాడు. ఐజాక్ అందరిముందూ తలూపాడు. అప్పటినుంచీ అతనికి కుదురు లేదు.

పరీక్ష ఒక స్కూల్లో. పరీక్ష పెట్టే పెద్దమనిషి చెన్నై నుంచి వచ్చాడు. తెలుగు రాదు. వాయించేవాళ్ళ పేర్లు ఆయనకు చెప్పరు, నెంబర్లే చెబుతారు. ఎస్తేరుది పద్నాలుగు. పక్షపాతం ఉండకూడదట.

"హాల్ టికెట్ జిరాక్స్ తెచ్చినావా?" అన్నాడు ఐజాక్.

"ఎవరూ అడగలేదు నాయనా."

"అడిగినాక యాడికి పరిగెత్తుతావ్? జిరాక్స్ లేకుండా పరీక్ష ఉంటాదా? పో, మూడు తీసుకురా."

"నా వంతు వచ్చేస్తాండాది."

"నేను ఈడ ఉండా కదా, పో!"

జిరాక్స్ షాపులో కరెంటు లేదు. ఎస్తేరు అక్కడే నిలబడిపోయింది. ఇక్కడ తలుపు దగ్గర నెంబర్లు పిలిచే అటెండరు తిప్పయ్య కేక వేశాడు.

"పద్నాలుగు! యాడప్పా పద్నాలుగు?"

"ఈడే, ఈడే!" ఐజాక్ కీబోర్డు ఎత్తుకున్నాడు.

"నడు లోపలికి. లేకుంటే కొట్టేసి పదహైదును పిలుస్తా."

లోపల పెద్దమనిషి కుర్చీ చూపించాడు. కాదంటే కూతురి నెంబరు కొట్టేస్తారని ఐజాక్ భయం. ఆమె వచ్చేదాకా ఒక్క స్కేలు, అదే సరిగమల వరస, వాయిద్దామని కూర్చున్నాడు.

"జీ మేజర్," అన్నాడు పెద్దమనిషి.

ఐజాక్‌కు వచ్చింది ఒకే స్కేలు, అన్నీ తెల్లమెట్లే. పాడేవాళ్ళ గొంతు ఎంత పైకి పోతే అన్నిసార్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేవాడు. శ్రుతి మారేది, వేళ్ళు మారేవి కావు. ఇప్పుడు కూడా బటన్ ఏడుసార్లు నొక్కి అవే మెట్లు వాయించాడు. పెద్దమనిషి చెవి సరేనంది, కన్ను కాదంది: నల్లమెట్టు ఒక్కటీ తగల్లేదు. ఆయన లేచి వచ్చి బటన్‌ను సున్నాకు తెచ్చాడు. వినపడలేదేమోనని ఐజాక్ సౌండు పెంచాడు. తరువాత "డీ మేజర్" అన్నాడాయన, బటన్ మీద చెయ్యి అడ్డం పెట్టి. ఐజాక్ ఆ చేతిని పక్కకు తోశాడు. చివరికి ఆయన ఒక చిన్న వరస వాయించి, తిరిగి పాడమని సైగ చేశాడు. ఐజాక్ కళ్ళు మూసుకుని నాలుగుసార్లు పాడి, హల్లెలూయ కూడా చేర్చాడు.

బయటికి వచ్చేసరికి ఎస్తేరు మూడు కాగితాలతో ఆయాసపడుతోంది.

"పద్నాలుగు అయిపోయినాదమ్మా," అన్నాడు తిప్పయ్య.

"పద్నాలుగు నేను!"

తిప్పయ్య ఐజాక్‌ను పైనుంచి కిందికి చూశాడు. "ఏమప్పా, బిడ్డ పరీక్షకు నువ్వు కూచుంటివా? గొంతెత్తొద్దు. కేసవుతాది, నా పని కూడా పోతాది. పోండి, పోండి!"

తిరుగు బస్సు పెనుకొండ దాటాక ఎస్తేరు నోరు విప్పింది. "ఏడాదంతా పన్నెండు స్కేళ్ళు నేర్చుకున్నా నాయనా."

"దానికేమి? ఇరవై ఏళ్ళ చెయ్యి నాది. నీకు కష్టం లేకుండా సర్టిఫికెట్టు వస్తాది."

రెండు నెలలకు ఫలితం కాగితం వచ్చింది. ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు యేసన్న చదివాడు. ఫెయిలు. కింద పెద్దమనిషి రాత: ఒకే స్కేలు వచ్చు, మొదటి గ్రేడు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

అందరూ ఎస్తేరును జాలిగా చూశారు. ఐజాక్ కూడా జాలిగా చూశాడు. చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఎస్తేరు లేచింది. "ఆ పొద్దు లోపలికి పోయింది నేను కాదు అయ్యగారూ. నేను జిరాక్స్ షాపులో ఉంటి."

"మరి వాయించింది ఎవరమ్మా?"

ఆమె కుర్చీలో ఉన్న నాయన వైపు చూసింది. ఐజాక్ ఆగలేకపోయాడు.

"ఆయప్ప నన్ను బటన్ ముట్టనిస్తే కదా అయ్యగారూ!"

యేసన్న కాగితం మడిచాడు. "ఫెయిలైనోళ్ళు కుర్చీ ఎక్కకూడదనుకున్నాం. అనుకున్నట్టే చేద్దాం. లెయ్ అన్నా."

ఎస్తేరు వాయించింది. ఐజాక్ బెంచీ మీద నలుగురి మధ్య కూర్చుని పాడాడు. అతనికి పాడటం కూడా రాదని పక్కవాళ్ళకు ఆ రోజే తెలిసింది.