గుమ్రే బియ్యం మూట

ఉదయం ఆరు గంటలకు, డెబ్బై ఒక్కేళ్ల గుమ్రే పదికిలోల బియ్యం మూటను గుండెకు హత్తుకుని, రెండో అంతస్తులోని తన ఇంటి గుమ్మం దాటింది. రోజూ మూటతో మెట్లెక్కి దిగాలి, రెండు వారాల్లో నాలుగో అంతస్తు దాటి డాబా చేరాలి. ఇదీ ఆవిడ వేసుకున్న పథకం.

డాబా మీద ఆవిడ ఏటా ఉప్పు పోసి సోయా సాస్ పులియబెట్టే జాడీలున్నాయి, అత్తగారి కాలం నాటివి. పోయినేడు ఉప్పు మూట మోయలేక మెట్ల మీద కూలబడితే, కొడుకు సంగ్‌మిన్ తేల్చి చెప్పేశాడు. "ఇక చాలమ్మా! సోయా సాస్ కొట్లో దొరుకుతుంది. జాడీలు ఎవరికైనా ఇచ్చేద్దాం." గుమ్రే ఒంటికాలి మీద లేచింది. చివరికి ఒప్పందం కుదిరింది. ఈ ఏడు పదికిలోల ఉప్పు మూట తనే పైకి చేరిస్తే జాడీలుంటాయి, లేదంటే పోతాయి.

"ఎవరికీ చెప్పకండి. ఈ వయసులో కుస్తీ పోటీలకా అని నవ్వుతారు," అని భర్త పిల్‌సిక్ చేత ఒట్టేయించుకుంది.

రెండో రోజే మూడో అంతస్తు హ్వాసుక్ కంట పడింది.

"బియ్యం ఎక్కడికక్కా?"

"ఎక్కడికీ లేదు."

"మరి మోస్తున్నావేం?"

"ఊరికే!"

ఊరికే ఎవరైనా బియ్యం మోస్తారా? కొడుకు చూడటం మానేశాడనీ, పాపం బియ్యం అమ్ముకుంటోందనీ సాయంత్రానికల్లా భవనమంతా తెలిసిపోయింది. మర్నాడు గుమ్రే స్నానంలో ఉండగా ఒకరు కిమ్చీ పచ్చడి, ఒకరు వేయించిన చేపలు తెచ్చి పిల్‌సిక్ చేతిలో పెట్టారు.

ఒట్టు ఉంది కాబట్టి నిజం చెప్పలేడు. అలాగని పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగిస్తే పరువేం కాను? కంటికెదురుగా నిండుగా ఉన్నది ఆ బియ్యం మూటే. గిన్నె నిండా బియ్యం పోసి ఇచ్చాడు. మూట తేలికైతే భార్య కనిపెట్టేస్తుందని భయపడి, పరీక్ష కోసం కొని పక్కన పెట్టిన ఉప్పు మూటలోంచి, ఎందుకైనా మంచిదని రెండు గిన్నెలు తీసి బియ్యంలో పోసి మూతి బిగించాడు.

"తనకే గతి లేకపోయినా గిన్నె ఖాళీగా పంపలేదు!" అని హ్వాసుక్ కళ్లొత్తుకుంది. మర్నాడు మరిన్ని గిన్నెలొచ్చాయి. అన్నిటికీ పిల్‌సిక్ అదే పని చేశాడు. బియ్యం వండుకున్నవాళ్లకు అన్నం ఉప్పగా తగిలింది. ఏడుస్తూ కొలిచి ఉంటుందనుకుని మరీ జాలిపడ్డారు.

గుమ్రే మాత్రం దిగాలుపడింది. "ఏవండీ, మూట రోజురోజుకీ బరువెక్కుతోంది. నాలుగో అంతస్తు దగ్గరే ఊపిరాగిపోతోంది. నా పనైపోయిందేమో."

"అబ్బే, బాగానే మోస్తున్నావు," అని పిల్‌సిక్ ముఖం తిప్పుకున్నాడు.

పరీక్ష రోజు సంగ్‌మిన్ కాటా చేతబట్టుకుని వచ్చాడు. గుమ్రే కళ్లు మూసుకుని ఉప్పు మూట ఎత్తింది. అది ఇట్టే లేచొచ్చింది. చకచకా మూడో అంతస్తు దాకా ఎక్కేసింది. కొడుక్కి అనుమానమొచ్చి మూట లాక్కుని కాటా మీద పెట్టాడు. నాలుగు కిలోలుంది.

"జాడీల కోసం ఇంత మోసమా అమ్మా?"

తలుపు తెరుచుకుని హ్వాసుక్ విరుచుకుపడింది. "మోసం ఎవరిదిరా? కన్నతల్లి బియ్యం అమ్ముకుని బతుకుతుంటే నీకు సిగ్గు లేదూ?"

"బియ్యం అమ్మడమేంటి?" అన్నారు తల్లీకొడుకులు ఒక్కసారే.

"ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నా," అంటూ పిల్‌సిక్ కిమ్చీ దగ్గర్నుంచి ఉప్పు దాకా అంతా కక్కేశాడు. సంగ్‌మిన్ వెళ్లి ఆ బియ్యం మూట తెచ్చి కాటా మీద పెట్టాడు. పదమూడు కిలోలు!

గుమ్రే ముల్లును తదేకంగా చూసింది. "అంటే ఇన్నాళ్లూ నేను మోసింది..." అని ఆగి, పకపకా నవ్వింది. ఆ నవ్వులో కళ్లు చెమర్చాయి కూడా. "హ్వాసుక్, మీ ఇంట్లో ఉప్పుంటే తేవే. పదికిలోలూ తూచి నింపుదాం!"

నింపిన మూటను గుమ్రే మళ్లీ తన గుమ్మం నుంచే ఎత్తుకుని ఆగకుండా డాబా ఎక్కి, జాడీ పక్కన దించింది. ఉత్తచేతులతో వెనకాలే వచ్చిన సంగ్‌మిన్ నాలుగో అంతస్తులో గోడ పట్టుకుని రొప్పుతున్నాడు.

"జాడీలు ఉండనీలే అమ్మా," అన్నాడు అక్కణ్నుంచే.

ఆ బియ్యంలోంచి ఉప్పుగల్లు ఏరే పని పిల్‌సిక్‌కు అప్పగించారు, వేళ్లకు కూడా బలం రావాలని గుమ్రే సెలవిచ్చింది.